ఇంటి దగ్గర వాటిల్ నారు: నాలుగు పాఠాలు

మొదటి పాఠం: గింజ ఏరుకోవడం (నవంబరు, డిసెంబరు)

మెల్‌బోర్న్‌లో జులై నుంచి సెప్టెంబరు దాకా ఫ్రీవే గట్ల మీద, వాగుల పక్కన, కొత్త లేఅవుట్ల చివర పసుపు పూలతో కనిపించేవి వాటిల్ చెట్లు. వాటిని గింజ నుంచి, కొమ్మ నుంచి సొంతంగా పుట్టించడం ఎలాగో ఈ నాలుగు పాఠాల్లో నేర్చుకుందాం. నేనుండేది మెల్‌బోర్న్ పడమటి వైపు కాబట్టి ఇందులో చెప్పే నెలలన్నీ ఇక్కడి లెక్కే. సిడ్నీ వాళ్ళు కొంచెం ముందే మొదలుపెట్టండి. బ్రిస్బేన్, పెర్త్ వాళ్ళకి జాతులు మారతాయి, పద్ధతి మాత్రం ఇదే.

ఒకటి రెండు మొక్కలు చాలనుకుంటే నర్సరీకి వెళ్ళి కొనుక్కోవడమే సుఖం, ట్యూబులో (సన్నటి, లోతైన చిన్న కుండీలో) పెరిగిన చిన్న మొక్క కొద్ది డాలర్లకే వస్తుంది. కంచె పొడవునా ఇరవై ముప్పై కావాలన్నా, మీ వాగు గట్టు మీద పెరిగే చెట్ల సంతానమే మీ పెరట్లో ఉండాలనుకున్నా గింజ పట్టుకోవాలి.

ముందు చెట్టు సంగతి. ఆస్ట్రేలియాలో వాటిల్ జాతులు దాదాపు వెయ్యి. అన్నీ అకేషియా అనే ప్రజాతిలోవి. మన నల్లతుమ్మని కూడా పాత పుస్తకాలు అకేషియా అనే రాశాయి. 2011లో ఇదే మెల్‌బోర్న్‌లో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభతో ఆ పేరు ఇక్కడి చెట్లకే ఖాయమైపోయి, మన తుమ్మ వాచెలియా అయింది. పేర్లు వేరైనా చుట్టరికం పోలేదు. ఆ చుట్టరికం రెండో పాఠంలో పనికొస్తుంది.

వెయ్యిలో ఏది? చిన్న పెరడు అయితే గోల్డ్ డస్ట్ వాటిల్ ఎంచుకోండి. రెండు మీటర్లకు అటూ ఇటూ పెరిగే గుబురు పొద, మా వైపు బంకమట్టిని బాగానే తట్టుకుంటుంది. కాస్త చోటుంటే గోల్డెన్ వాటిల్, అంటే అకేషియా పిక్నాంథా. 1988 నుంచి ఆస్ట్రేలియా జాతీయ పుష్పం ఇదే. వాటిల్ పేరున ఏటా సెప్టెంబరు 1న వాటిల్ డే కూడా జరుపుతారు. బ్లాక్‌వుడ్ అందమైన చెట్టే కానీ చాలా పెద్దదవుతుంది, నాలుగు వందల చదరపు మీటర్ల ప్లాటులో దాని జోలికి వెళ్ళొద్దు.

కూటముండ్రా వాటిల్ విషయంలో మాత్రం కచ్చితంగా చెబుతాను, పెంచకండి. నీలి బూడిద రంగు ఆకులతో చూడగానే మనసు లాగేస్తుంది, గింజ కూడా సులువుగా మొలుస్తుంది. అయితే దాని సొంత ఊరు న్యూ సౌత్ వేల్స్‌లో కూటముండ్రా, టెమోరా చుట్టుపక్కల చిన్న ప్రాంతం. అక్కడి నుంచి బయటికొచ్చాక విక్టోరియా అడవుల్లోకి దూరి కలుపుమొక్క అయింది. పైగా దగ్గరి వాటిల్ జాతులతో సంకరమై వాటి సంతానాన్ని కూడా మార్చేస్తోంది. మీ ప్రాంతంలో సహజంగా పెరిగే వాటిల్‌లు ఏవో మీ కౌన్సిల్ వెబ్‌సైటులో జాబితా ఉంటుంది, అందులోంచి ఎంచుకోండి.

ఇక ఏరడం. వాటిల్ పూత సెప్టెంబరుతో అయిపోతుంది, కాయ పండేది నవంబరు నుంచి జనవరి లోపు. కాయ గోధుమ రంగుకి తిరిగి, పగిలే ముందు కోయాలి. పచ్చికాయ కోస్తే గింజ ముడుచుకుపోయి బూజు పడుతుంది. ఒక కాయ విప్పి చూడండి: గింజ నల్లగా నిగనిగలాడుతూ, గోరుతో నొక్కితే గంటు పడకుండా ఉంటే సిద్ధమైనట్టే. ఇక్కడ ఆలస్యం పనికిరాదు. నలభై డిగ్రీల ఎండ, ఉత్తరపు వడగాలి ఒక్క రోజు కొట్టిందంటే కాయలన్నీ టపటపా పగిలి గింజంతా నేల పాలవుతుంది. మిగతాది చీమల పని. గింజకు ఒక చివర మెత్తటి కండ తోక ఉంటుంది, చీమలు ఆ కండ కోసం గింజను పుట్టలోకి మోసుకుపోయి, కండ తిని గింజను అక్కడే వదిలేస్తాయి. ఒకరకంగా చెట్టు తరఫున విత్తేది అవే.

ఎక్కడ పడితే అక్కడ కోయకూడదు. నేషనల్ పార్కుల్లో, ప్రభుత్వ భూముల్లో అనుమతి లేకుండా గింజ ఏరడం నేరం. మీ పెరట్లోదో, తెలిసిన వాళ్ళ స్థలంలోదో అడిగి కోసుకోండి. ఒకే చెట్టును దులపకుండా నాలుగైదు చెట్ల నుంచి కాసిన్ని చొప్పున తీసుకుంటే మంచిది. అన్నీ ఒకే తల్లి పిల్లలైతే తెగులు వస్తే అన్నిటికీ ఒకేసారి వస్తుంది.

కాయల్ని కాగితం సంచిలో వేసి మూతి మడిచి గరాజులో పెట్టండి. ప్లాస్టిక్ సంచి వద్దు, చెమ్మ పట్టి పాడవుతాయి. వారం పది రోజుల్లో కాయలు వాటంతటవే విచ్చుకుంటాయి. తర్వాత చాటలో పోసి చెరగండి. సూట్‌కేసులో చాట తెచ్చుకున్న వాళ్ళకి ఇన్నాళ్ళకి దానితో పని పడింది. తేని వాళ్ళు పళ్ళెంలో పోసి మెల్లగా ఊదితే చాలు. కండ తోక అలాగే ఉన్నా ఫర్వాలేదు. సన్నటి చిల్లు ఉన్న గింజల్ని మాత్రం తీసి పారేయండి, లోపల పురుగు తినేసిందన్నమాట. కనిపించని గుడ్లు, పురుగులు కూడా ఉంటాయి కాబట్టి బాగా ఆరిన గింజను గాజు సీసాలో పోసి రెండు రోజులు ఫ్రీజర్‌లో ఉంచితే పీడ వదులుతుంది. ఆ తర్వాత సీసాని ఇంట్లో చల్లటి చీకటి చోట పెట్టుకోండి. జాతి పేరు, ఏరిన చోటు, తేదీ రాసి అతికించండి. వాటిల్ గింజలన్నీ చూడ్డానికి ఇంచుమించు ఒకేలా ఉంటాయి, లేబుల్ లేని సీసా దేనికీ పనికిరాదు.

ఇంకో మాట. ఈ గింజల్ని ఇండియాలో అమ్మానాన్నల తోటకి పంపాలన్న ఆలోచన చాలామందికి వస్తుంది. అనుమతి పత్రాలు లేకుండా గింజ తీసుకెళ్ళడం అక్కడి చట్టానికి విరుద్ధమే, అటు నుంచి ఇటు తేవడం మరీ విరుద్ధం. అదీగాక నీలగిరి కొండల్లో తోలు పదును చేయడానికి కావలసిన బెరడు కోసం నాటిన బ్లాక్ వాటిల్ ఇవాళ అక్కడి షోలా అడవుల మధ్య ఉండే గడ్డి మైదానాల్ని మింగేస్తోంది. ఇక్కడి చెట్టు ఇక్కడే ఉండనివ్వండి.

ఈ పాఠం పని: సీసాలోంచి పది గింజలు తీసి గ్లాసులో మామూలు చల్లనీళ్ళలో వేయండి. రెండు రోజుల తర్వాత ఏమైందో రాసుకోండి.

రెండో పాఠం: గింజను లేపడం (సెప్టెంబరు, లేదా ఫిబ్రవరి)

పది గింజల్లో బహుశా ఒకటో, అరో ఉబ్బి ఉంటుంది. మిగతావి ఎలా వేశారో అలాగే, నల్లగా, గట్టిగా ఉన్నాయి కదా? ఇంకో నెల నానబెట్టినా అంతే. ఈ పాఠమంతా ఆ గింజల గురించే.

వాటిల్ గింజ లోపల పిల్ల మొక్క బతికే ఉంది. తొక్క మాత్రం నీటి చుక్క కూడా లోపలికి పోనివ్వదు. నీరు అందనిదే మొలక లేదు. మట్టిలో ఇలా దశాబ్దాలు పడి ఉండగలదు. ఎందుకలా అంటే ఈ దేశపు అడవి లెక్క అది. తల్లి చెట్టు నీడలో మొలిచిన పిల్లకి వెలుతురు ఉండదు, తేమ మిగలదు. ఎప్పుడో కార్చిచ్చు వచ్చి పైన చెట్లన్నీ మాడిపోయాక నేలంతా ఎండ, బూడిద, ఖాళీ. మొలవాల్సింది అప్పుడు. అందుకే గింజ మంట వేడి కోసం చూస్తూ ఉంటుంది. అడవి కాలిన ఏడాది వానలు పడగానే వాటిల్ మొలకలు నారుమడి పోసినంత ఒత్తుగా లేస్తాయి.

ఆ వేడి ఏం చేస్తుందో తెలిస్తే ఇంట్లో ఏం చేయాలో మీకే తెలుస్తుంది. గింజ కాయకు అంటుకునే చోటు బొడ్డు. ఆ బొడ్డు పక్కనే తొక్క మీద చిన్న బలహీనమైన మచ్చ ఉంటుంది. వేడి తగిలితే ఆ మచ్చ సీసా బిరడాలా ఊడిపోతుంది. తొక్క తక్కిన భాగం అలాగే ఉంటుంది, ఆ ఒక్క రంధ్రం గుండా నీరు లోపలికి పోతుంది. అంటే గింజను ఉడికించక్కర్లేదు. కాసేపు వేడి తగిలితే చాలు, ఆ బిరడా ఊడాలి.

పద్ధతి ఇది. గింజల్ని స్టీలు గిన్నెలోనో, వేడికి పగలని గాజు గిన్నెలోనో వేయండి. వేరే గిన్నెలో నీళ్ళు మరిగించి, పొయ్యి ఆపి, బుడగలు తగ్గాక ఆ నీళ్ళు గింజల మీద పోయండి. గింజల కొలతకు పదింతలు నీళ్ళు ఉండాలి. నీళ్ళు తక్కువైతే క్షణంలో చల్లారిపోయి బిరడా ఊడదు. అలాగని గింజల గిన్నెను పొయ్యి మీద పెట్టి మరిగించకండి, పిల్ల మొక్క చచ్చిపోతుంది. పోసిన నీళ్ళు వాటంతటవే చల్లారనివ్వండి. రాత్రి పోస్తే పొద్దునకు చూడొచ్చు.

పొద్దునకు గింజలు రెండు రకాలుగా విడిపోతాయి. కొన్ని ఉబ్బి, రెట్టింపు దాకా పెరిగి, రంగు కాస్త వెలిసి ఉంటాయి. కొన్ని చిన్నగా, నల్లగా ఉండిపోతాయి. ఉబ్బినవి ఆ రోజే విత్తాలి. ఉబ్బిన గింజ మేలుకున్న గింజ, దాన్ని మళ్ళీ ఆరబెట్టి దాచలేం. ఉబ్బనివాటికి మళ్ళీ వేడినీళ్ళు పోయండి. రెండోసారికీ కదలనివి ఉంటే నెయిల్ కట్టర్ తీసుకోండి. బొడ్డుకు ఎదురు చివర, తొక్కను కొంచెం, లోపలి లేత రంగు కనపడేంత మాత్రం, కత్తిరించండి. మొలక వేరు వచ్చేది బొడ్డు వైపు నుంచి కాబట్టి అటు కట్టర్ తగలకూడదు. కత్తిరించాక చల్లనీళ్ళలో నాలుగైదు గంటలు నానితే చాలు, ఉబ్బుతాయి. గింజలు పదో ఇరవయ్యో ఉన్నప్పుడు నేనైతే వేడినీళ్ళు మానేసి నేరుగా కట్టరే వాడతాను, వేడి ఎక్కువైందా తక్కువైందా అన్న టెన్షన్ ఉండదు. వందల్లో ఉంటే మాత్రం వేళ్ళు నొప్పెడతాయి, వేడినీళ్ళే నయం. శాండ్ పేపరు మీద రుద్దే వాళ్ళూ ఉన్నారు. పనవుతుంది కానీ గుండ్రటి గింజ వేళ్ళ మధ్యలోంచి జారి వంటింట్లో ఎటుపోతుందో తెలీదు.

ఇదేమీ మనకి కొత్త విద్య కాదు. రాయలసీమలో, తెలంగాణలో మేకలు నల్లతుమ్మ కాయలు తిని, గింజను మందలోనే వదిలేస్తాయి. దొడ్లో ఏరిన ఆ గింజ చెట్టు కింద ఏరిన గింజకన్నా బాగా మొలుస్తుందని రైతులకి తెలుసు. అక్కడ తొక్కను మెత్తబరిచేది మేక కడుపు, ఇక్కడ మంట. కోస్తా జిల్లాల రోడ్ల పక్కన కనిపించే ఆస్ట్రేలియా తుమ్మకి కూడా నర్సరీల్లో ఈ వేడినీళ్ళ పద్ధతే వాడతారు. అదీ వాటిలే.

ఇక్కడి నర్సరీల్లో పొగ నీళ్ళని ఒక సీసా అమ్ముతారు. ఆస్ట్రేలియా మొక్కలు చాలావాటికి పొగ తగిలితేనే మొలక బాగా వస్తుంది, అది నిజం. వాటిల్‌కి కావలసింది మాత్రం వేడి. ఆ సీసా డబ్బులు మిగుల్చుకోండి.

వెయ్యి జాతుల్లో తేడాగా ఉండేవీ ఉన్నాయి. క్వీన్స్‌ల్యాండ్ లోతట్టున పెరిగే బ్రిగాలో, గిడ్జీ అనే వాటిల్‌ల గింజకు తొక్క పల్చన. వాటికి వేడినీళ్ళు పోశారంటే వంటే. అవి రాలిన వెంటనే తాజాగా విత్తాలి, సీసాలో ఏళ్ళ తరబడి నిలవ ఉండవు. కొత్త జాతి చేతికొస్తే మొదట పది గింజల మీద చల్లనీళ్ళ పరీక్ష చేయమనడం అందుకే.

ఉబ్బిన గింజల్ని నేరుగా ట్యూబుల్లో విత్తొచ్చు. మొదటిసారి చేసేవాళ్ళకి మాత్రం పేపర్ టవల్ పద్ధతి చెబుతాను, ఎందుకంటే ఏం జరుగుతోందో కళ్ళారా చూడొచ్చు. పేపర్ టవల్‌ను తడిపి గట్టిగా పిండి, గింజలు విడివిడిగా పరిచి, మడిచి, మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. ఇరవై నుంచి పాతిక డిగ్రీల వేడి సరిపోతుంది. వంటింటి అలమర చాలు. వారం నుంచి రెండు మూడు వారాల్లో తెల్లటి వేరు బయటికొస్తుంది. అది సెంటీమీటరు దాటకుండా ట్యూబులోకి మార్చాలి. పొడవైతే వంకర తిరిగి కాగితానికి అతుక్కుంటుంది, లాగితే తెగుతుంది. కుళ్ళి వాసన వచ్చే గింజ కనిపిస్తే వెంటనే తీసేయండి.

ఈ పాఠం పని: ఇరవై గింజల్ని సగం వేడినీళ్ళకి, సగం నెయిల్ కట్టర్‌కి పంచండి. రెండు డబ్బాలు, రెండు లేబుళ్ళు. ఏవి ముందు వేరు పెట్టాయో తేదీలతో రాసుకోండి.

మూడో పాఠం: ట్యూబు నుంచి నేలకి

వాటిల్‌కి తల్లివేరు నిటారుగా దిగుతుంది. అందుకని వెడల్పు కుండీ కన్నా లోతు ట్యూబు కావాలి. ఇక్కడి నర్సరీలు వాడే చదరపు ట్యూబులు అయిదు సెంటీమీటర్ల వెడల్పు, పన్నెండు సెంటీమీటర్ల లోతు ఉంటాయి. తెలిసిన వాళ్ళని అడిగితే వాడేసినవి ఊరికే ఇస్తారు. వేడి సబ్బునీళ్ళతో కడిగి వాడండి.

మట్టికి బదులు నేటివ్ మొక్కల, అంటే ఈ దేశపు సొంత మొక్కల, కోసం అమ్మే పాటింగ్ మిక్స్ (కుండీల్లో నింపే మిశ్రమం) వాడాలి. ఇక్కడ మనవాళ్ళకి ఒక అలవాటుంది. ఏ మొక్కకైనా ముందు ఎరువు వేయాల్సిందే. గులాబీకి, కరివేపాకుకి వేసిన చేత్తోనే కోడి ఎరువు గుళికలు వాటిల్‌కి కూడా వేస్తారు. వేయొద్దు. ఈ దేశపు నేలల్లో ఫాస్ఫరస్ చాలా తక్కువ, ఇక్కడి మొక్కలు ఆ పేదరికంలోనే పెరిగాయి. ఫాస్ఫరస్ ఎక్కువైతే వాటిల్‌లలో కొన్నిటికి ఆకులు పసుపెక్కి అంచులు మాడిపోతాయి. తప్పదనుకుంటే ఫాస్ఫరస్ తక్కువ అని రాసి ఉన్న నేటివ్ ఎరువు చిటికెడు చాలు. నత్రజని ఎరువు అసలే అక్కర్లేదు. కంది, పెసర మొక్కల్లాగే వాటిల్ వేళ్ళకి బుడిపెలుంటాయి. వాటిల్లో రైజోబియం జాతి బాక్టీరియా కాపురం ఉండి గాలిలో నత్రజనిని మొక్కకు అందిస్తుంది. మీ పెరట్లో ఇప్పటికే వాటిల్ ఉంటే దాని మొదట్లోంచి ఒక చెంచా మట్టి తెచ్చి మిక్స్‌లో కలపండి, ఆ బాక్టీరియా వచ్చేస్తుంది. అడవి నుంచి మాత్రం మట్టి తేకండి. వేరు కుళ్ళు తెగులు ఈ దేశంలో చెప్పుల మట్టితో కూడా పాకుతోంది.

వేరు కిందికి ఉండేలా, అర సెంటీమీటరు లోతున గింజను పెట్టి, పైన ముతక ఇసుక పల్చగా చల్లండి. ఇసుక వల్ల పైభాగం త్వరగా ఆరుతుంది, నారు కుళ్ళు రాదు. మొలక మెడ దగ్గర సన్నబడి ఒరిగిపోతే అదే నారు కుళ్ళు. దానికి మందు కన్నా నీళ్ళు తగ్గించడం, గాలి తగలనివ్వడం ముఖ్యం. ఒక ట్యూబులో రెండు మొలిస్తే బలహీనమైన దాన్ని కత్తెరతో తెంపండి. పీకితే పక్కదాని వేరు కదులుతుంది.

తర్వాత జరిగేది చూసి చాలామంది కంగారు పడతారు. మొదట వచ్చే ఆకులు చిన్న చిన్న రెక్కలతో అచ్చం తుమ్మాకులే. కొన్ని వారాలకి ఆ ఆకు కాడ వెడల్పవడం మొదలై, రెక్కలు తగ్గిపోయి, చివరికి పొడవాటి, బిరుసైన, ఆకులాంటి కాడ మాత్రమే మిగులుతుంది. గోల్డెన్ వాటిల్‌లో మనం ఆకు అనుకునేది అసలు వెడల్పైన కాడే. ఒకే మొక్క మీద రెండు రకాలూ కలిసి కనిపించే దశలో ఇది వేరే మొక్కేమో, కలుపేమో అని పీకేసే వాళ్ళున్నారు. పీకొద్దు. సిల్వర్ వాటిల్, బ్లాక్ వాటిల్ లాంటివి మాత్రం పెద్దయ్యాక కూడా తుమ్మాకుల్నే ఉంచుకుంటాయి.

నత్తల బెడద ఎక్కువ. ఒక్క రాత్రిలో ట్రే మొత్తం కొరికేస్తాయి కాబట్టి ట్రేని నేల మీద కాకుండా బల్ల మీద పెట్టండి. పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నపు ఎండ తగలని చోటు మేలు.

మొక్క జానెడు ఎత్తయితే నాటొచ్చు. సెప్టెంబరులో విత్తినవి ఏప్రిల్, మే నాటికి సిద్ధంగా ఉంటాయి. నేల ఇంకా వెచ్చగా ఉంటుంది, వానలు మొదలవుతాయి, అదే సరైన అదను. పెద్ద కుండీలోకి మార్చి ఇంకో ఏడాది పెంచి నాటుదాం అనుకోకండి. కుండీలో వేళ్ళు చుట్టుకుపోయిన వాటిల్ నేలలో పెట్టాక కూడా చుట్టలు విప్పుకోదు, మూడో ఏటో నాలుగో ఏటో మా పడమటి గాలికి మొదలంటా ఒరిగిపోతుంది. చిన్నగా నాటిన మొక్కే దాన్ని దాటి పెరుగుతుంది.

గొయ్యి తవ్వి, నీళ్ళు పోసి ఇంకనిచ్చి, మొక్క పెట్టి, చుట్టూ చెక్కపొట్టు పరచండి. కాండానికి మాత్రం తగలనివ్వొద్దు. మొదటి వేసవి వారానికోసారి లోతుగా తడపండి, తర్వాత దానికి మీతో పెద్దగా పని ఉండదు. వాటిల్‌లు త్వరగా పెరిగి త్వరగా పోతాయి. చాలా జాతులు పదిహేనేళ్ళకే ముసలివైపోతాయి. సీసాలో గింజ ఉంచుకోమనేది అందుకు కూడా.

నాలుగో పాఠం: కొమ్మ నుంచి (ఫిబ్రవరి నుంచి ఏప్రిల్)

మందార, మల్లె, మునగ, గులాబీ కొమ్మ గుచ్చితే బతికాయి కదా, వాటిల్ కూడా అంతే అనుకుంటే కష్టం. వాటిల్ కొమ్మ వేరు వేయడానికి బాగా మొండికేస్తుంది. నర్సరీ వాళ్ళు కూడా గింజతో అయ్యే జాతుల్ని కొమ్మతో చేయరు. మరి ఈ పాఠం ఎందుకంటే, గింజతో కుదరని చెట్లు కొన్ని ఉన్నాయి.

ఉదాహరణకి స్కార్లెట్ బ్లేజ్. వాటిల్ పూలు దాదాపు అన్నీ పసుపు, లేకపోతే లేత పసుపు, మీగడ రంగు. 1995లో విక్టోరియాలో బ్లాక్ రేంజ్ అడవిలో నడుస్తున్న వాళ్ళకి ఎర్రటి పూలు పూసిన వాటిల్ ఒకటి కనిపించింది. సినమన్ వాటిల్ జాతిలో అలాంటి రంగున్న మొక్క ఆ ఒక్కటే. గింజ తీసి విత్తితే ఆ ఎరుపే వస్తుందన్న నమ్మకం లేదు, తండ్రి పుప్పొడి పసుపు పూల చెట్టుది కావచ్చు. అందుకని మెల్‌బోర్న్ బొటానిక్ గార్డెన్స్‌లో కొమ్మలతో దాన్ని పెంచి, 2001లో ఫెడరేషన్ (ఇక్కడి రాష్ట్రాలన్నీ కలిసి ఒక దేశం కావడం) శతాబ్ది సందర్భంగా విక్టోరియా గుర్తుగా విడుదల చేశారు. ఇవాళ నర్సరీల్లో ఆ పేరుతో దొరికే మొక్కలన్నీ ఆ ఒక్క చెట్టు కొమ్మలే. అలాగే లైమ్‌లైట్ అనే పొట్టి వాటిల్, నేల మీద పాకే రకాలు. పేరు పెట్టిన ఏ ప్రత్యేక రకమైనా తల్లి గుణం యథాతథంగా కావాలంటే కొమ్మే దారి. ఇలాంటి వాటిలో కొన్నిటికి బ్రీడర్ హక్కులుంటాయి, లేబుల్ మీద రాసి ఉంటుంది. సొంత పెరటి కోసం చేసుకోవచ్చు, చేసి అమ్మకూడదు.

అన్నిటికన్నా ముఖ్యం తల్లి మొక్క వయసు. లేత మొక్క కొమ్మ వేరు వేసినంత సులువుగా పదేళ్ళ చెట్టు కొమ్మ వేయదు. వియత్నాంలో కాగితం గుజ్జు, కలప కోసం సంకర అకేషియాను కొమ్మలతోనే విస్తారంగా పెంచుతారు. అక్కడ పెద్ద చెట్ల మీద కొమ్మలు కోయరు. తల్లి మొక్కల్ని మోకాలెత్తు కంచెలా కత్తిరిస్తూ, ఆ కోత దగ్గర వచ్చే కొత్త చిగుళ్ళనే వాడతారు, తల్లి మొక్కల్ని కూడా కొన్నేళ్ళకోసారి మార్చేస్తారు. మనం చేయగలిగింది: పూత అయిపోగానే, అక్టోబరులో, మీ మొక్క కొసల్ని తేలిగ్గా కత్తిరించండి. ఆకులున్న చోటే కత్తిరించాలి, ఆకుల్లేని ముసలి కొమ్మ దాకా కొట్టేస్తే చాలా వాటిల్‌లు మళ్ళీ చిగురించవు. ఆ కోత తర్వాత వచ్చిన చిగుళ్ళు వేసవి చివరికి సరిగ్గా పనికొచ్చే ముదురుకి వస్తాయి.

ముదురు ఎలా తెలుస్తుంది? కొమ్మ కొసను వంచి చూడండి. వంగి అలాగే వేలాడితే మరీ లేత. వంచగానే ఎండు పుల్లలా విరిగితే మరీ ముదురు. వంగి, వదలగానే వెనక్కి లేస్తే అదే కావలసింది. పొద్దున్నే, ఎండ ఎక్కక ముందు కోసి తడి గుడ్డలో చుట్టి తెచ్చుకోండి.

కటింగ్ పొడవు ఏడు నుంచి పది సెంటీమీటర్లు. కణుపుకి కొంచెం కింద పదునైన బ్లేడుతో కోయండి, మొద్దు కత్తెర కాండాన్ని నలిపేస్తుంది. కింది మూడింట రెండు వంతుల ఆకులు తీసేయండి, పైన ఉన్నవి పెద్దవైతే సగానికి కత్తిరించండి. పూమొగ్గలు ఉంటే గిల్లేయాలి. అడుగున ఒక పక్క, సెంటీమీటరు మేర, బెరడు పొరను పల్చగా చెక్కండి. వేరు తరచు ఆ గాయం అంచుల్లోంచే వస్తుంది. చెక్కిన చోట వేరు హార్మోన్ పొడిలో అద్ది దులపండి. ఐబీఏ (వేరు పుట్టించే హార్మోన్) 0.3 శాతం ఉన్న పొడి, అంటే నడి ముదురు కొమ్మలకని రాసి ఉన్నది, తీసుకోండి. ఎక్కువ అంటించినంత మాత్రాన ఎక్కువ వేళ్ళు రావు, మొదలు నల్లబడి కుళ్ళుతుంది.

నాటడానికి మూడు పాళ్ళు పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు), ఒక పాలు కొబ్బరి పొట్టు. పాటింగ్ మిక్స్ వద్దు, అది నీటిని పట్టి ఉంచుతుంది. పెన్సిలుతో రంధ్రం చేసి కటింగ్ దించండి. నేరుగా గుచ్చితే పొడి అంతా పైనే తుడిచిపెట్టుకుపోతుంది. ఇప్పుడు అసలు సమస్య: కొమ్మకి వేళ్ళు లేవు, ఆకులు మాత్రం నీటిని ఆవిరి చేస్తూనే ఉంటాయి. అందుకని చుట్టూ గాలి తేమగా ఉండాలి. అడుగు కోసేసిన రెండు లీటర్ల జ్యూస్ సీసాను కుండీ మీద బోర్లించండి, లేదా పారదర్శకమైన మూతున్న డబ్బాలో కుండీని పెట్టండి. వెలుతురు కావాలి, నేరుగా ఎండ తగలకూడదు, తగిలితే సీసా లోపల ఆకులు ఉడికిపోతాయి. కింద నుంచి ఇరవై, పాతిక డిగ్రీల వెచ్చదనం ఉంటే ఫలితం బాగా మారుతుంది. మొలకల కోసం అమ్మే హీట్ మ్యాట్ ఉంటే ఈ పాఠానికే వాడండి, గింజలకి దాని అవసరం అంత లేదు.

ఆ తర్వాత ఆరు నుంచి పన్నెండు వారాలు ఓపిక పట్టాలి. రాలిన ఆకుల్ని ఏరేయండి, బూజు పట్టిన కటింగ్‌ను తీసేయండి. లాగి చూడాలన్న కోరిక ఆపుకోండి. ఆకు పచ్చగా ఉంది కాబట్టి వేరొచ్చిందనుకోవద్దు. వాటిల్ కొమ్మ వేరు లేకుండానే నెలల తరబడి పచ్చగా ఉండగలదు. కొన్నిటికి మొదట్లో తెల్లటి బొడిపె కడుతుంది, అది గాయం మానిన గుర్తు మాత్రమే. కుండీ అడుగు రంధ్రాల్లో తెల్లటి కొసలు కనిపిస్తేనే వేరు. పదింటిలో రెండు మూడు వేరు వేస్తే బాగా చేసినట్టే, కాబట్టి ఒక మొక్క కావాలంటే పది గుచ్చండి.

వేరు వేసినవాటికి రెండు వారాల పాటు రోజూ కొంచెం కొంచెంగా మూత తీసి ఉంచుతూ బయటి గాలి అలవాటు చేయండి. ఆ తర్వాత మూడో పాఠంలో చెప్పిన మిక్స్‌తో ట్యూబుల్లోకి మార్చండి. చలికాలం గోడ వారగా ఉంచి, వసంతం, వేసవి అక్కడే పెరగనిచ్చి, పై ఏడు ఏప్రిల్‌లో నాటండి. కొమ్మ మొక్కకి తల్లివేరు ఉండదు కాబట్టి గాలి నేరుగా కొట్టని చోటు చూడండి.

బ్లాక్‌వుడ్, సిల్వర్ వాటిల్ ఉన్నవాళ్ళకి ఈ శ్రమంతా అక్కర్లేకపోవచ్చు. వాటి వేళ్ళ మీద పిలకలు లేస్తాయి, ముఖ్యంగా పార తగిలి వేరు గాయపడిన చోట. చలికాలంలో పిలక చుట్టూ తవ్వి, దానికి సొంతంగా పీచు వేళ్ళు ఉన్నాయో లేదో చూసి, ఉంటే తల్లివేరు ముక్కతో సహా కోసి, పైభాగం సగానికి కత్తిరించి కుండీలో పెట్టండి. పీచు వేళ్ళు లేకపోతే మట్టి కప్పేసి వచ్చే ఏడాది చూడండి.